ఏడో నెల నొప్పుల వెనక మైక్రోఆర్‌ఎన్‌ఏ

ఏడో నెలలో పుట్టిన బిడ్డ దక్కుతుంది, ఎనిమిదో నెలలో పుట్టినది దక్కదు అనే మాట శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఇప్పటికీ వినపడుతుంది. వేళకాని వేళ నొప్పులొచ్చిన కోడల్ని ఆటో ఎక్కిస్తూ కూడా పెద్దవాళ్లు వేళ్ల మీద నెలలు లెక్కపెడతారు. ఏడని తేలితే కాస్త ధైర్యం, ఎనిమిదని తేలితే దిగులు. నిజానికి లెక్క దీనికి పూర్తిగా తిరగేసి ఉంది. కడుపులో గడిచే ఒక్కో వారం బిడ్డ ఊపిరితిత్తులకీ మెదడుకీ లాభమే. 30 వారాలకు పుట్టిన బిడ్డ కన్నా 34 వారాలకు పుట్టిన బిడ్డకు బతికే అవకాశం ఎక్కువ, ఇందులో సరి బేసి నెలల పట్టింపేమీ లేదు.

37 వారాలు నిండకముందు జరిగే కాన్పును వైద్యులు నెలతక్కువ కాన్పు అంటారు. 28 వారాల లోపైతే మరీ ముందు, 28 నుంచి 32 లోపైతే చాలా ముందు, ఆపైన కాస్త ముందు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో ఇలా పుట్టిన పిల్లలు 1 కోటీ 34 లక్షల మంది. అంటే పదిమందిలో ఒకరు. అందులో 30 లక్షల మంది భారతదేశంలోనే పుట్టారు. ఏ దేశంలోనూ ఇంతమంది లేరు. ఐదేళ్లలోపు పిల్లల మరణాలకు ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద కారణం కూడా ఇదే.

ఎందుకు ముందొచ్చాయని అడిగితే డాక్టరు చెప్పగలిగే కారణాలు కొన్ని ఉన్నాయి. కవలలు, బీపీ, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, రక్తహీనత, వెనక ఒకసారి ఇలాగే జరిగి ఉండటం, గర్భసంచి మూతి పొట్టిగా ఉండటం. ఇవేవీ లేకుండా, కార్డు మీద అన్నీ బాగున్నట్టే రాసి ఉన్న మనిషికి కూడా ఒక రాత్రి నొప్పులు వచ్చేస్తాయి. అసలు ఏ నెల వరకైనా గర్భసంచి ఊరుకుని ఉండటానికి కారణమేమిటి, ఆ ఊరుకోవడం ఎలా తెగిపోతుంది అనే ప్రశ్న దగ్గరకు పరిశోధన వచ్చి ఆగింది. అక్కడ ఎదురైనవే నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏలు.

మనిషి డీఎన్‌ఏలో దాదాపు 300 కోట్ల అక్షరాలుంటే, ప్రోటీన్ తయారీకి నేరుగా పనికొచ్చే భాగం రెండు శాతం లోపే. మిగతాదంతా పనికిరాని సరుకని చాలాకాలం అనుకున్నారు. అందులోంచి కూడా కణం ఆర్‌ఎన్‌ఏను, అంటే డీఎన్‌ఏ ముక్కకు నకలును, తయారుచేస్తుంది, కాకపోతే అది ప్రోటీన్‌గా మారదు. ఆర్‌ఎన్‌ఏగానే ఉండి పనిచేస్తుంది. ఈ కుటుంబంలో బాగా చిన్నది మైక్రోఆర్‌ఎన్‌ఏ, సుమారు 22 అక్షరాల పొడవు. 1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రువ్కున్ ఒక మిల్లీమీటరు పొడవుండే పురుగులో దీన్ని కనిపెట్టినప్పుడు, అది ఆ పురుగుకే పరిమితమైన వింత అని లోకం పట్టించుకోలేదు. 2000లో రువ్కున్ బృందం పట్టుకున్న రెండోది మనిషితో సహా ఎన్నో జంతువుల్లో ఉందని తేలాక కథ మారింది. 2024లో వైద్య నోబెల్ ఆ ఇద్దరికే దక్కింది.

అది చేసే పని వినడానికి చిన్నదే. కణం కేంద్రకంలో పొడుగాటి తీగలా పుట్టి, ద్రోషా అనే ఎంజైమ్ దగ్గర ఒకసారి, బయటికొచ్చాక డైసర్ దగ్గర ఇంకోసారి తెగి, ఆర్గోనాట్ అనే ప్రోటీన్‌లో ఇమిడిపోతుంది. ఆ తర్వాత తనకు జతకుదిరే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ (ప్రోటీన్ తయారీ సందేశాన్ని జన్యువు నుంచి మోసుకొచ్చేది) తోకకు అతుక్కుంటుంది. అతుక్కుంటే ఆ సందేశం నుంచి ప్రోటీన్ తయారవడం తగ్గుతుంది, లేదా సందేశమే ముక్కలవుతుంది. ఒక్కో మైక్రోఆర్‌ఎన్‌ఏ వందల సందేశాలకు అతుక్కోగలదు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు, తర్వాత మందుల గురించి మాట్లాడేటప్పుడు ఇదే అడ్డమొస్తుంది.

ఇక గర్భసంచి. అది కండరం, అంటే ముడుచుకోవడమే దాని గుణం. తొమ్మిది నెలలు అది ముడుచుకోకుండా ఉండటమే వింత. ఊరుకోబెట్టేది ప్రొజెస్టెరాన్ అనే హార్మోను. ఎలా ఊరుకోబెడుతుందనేది అమెరికాలో టెక్సస్ విశ్వవిద్యాలయ సౌత్‌వెస్టర్న్ వైద్యకేంద్రంలో క్యారొల్ మెండెల్సన్ బృందం 2010లో ప్రచురించిన పని తర్వాతే కొంత స్పష్టపడింది. ప్రొజెస్టెరాన్ వల్ల కండర కణాల్లో జెబ్1, జెబ్2 అనే రెండు ప్రోటీన్లు ఎక్కువగా ఉంటాయి. అవి నొప్పులకు కావలసిన జన్యువుల్ని అణచిపెడతాయి. ఆ జన్యువుల్లో ముఖ్యమైనవి రెండు. ఒకటి ఆక్సిటోసిన్ రిసెప్టర్. ఆక్సిటోసిన్ అంటే లేబర్ రూమ్‌లో నొప్పులు పెంచడానికి డ్రిప్‌లో పెట్టే మందే, ఒంట్లోనూ పుడుతుంది. రిసెప్టర్ లేకపోతే అది ఎంత ఉన్నా కండరానికి వినపడదు. రెండోది కనెక్సిన్-43, కండర కణానికీ కణానికీ మధ్య ద్వారాలు కట్టే ప్రోటీన్. భావనపాడు తీరంలో పెద్ద వల లాగే జాలర్లు ఎవరి మానాన వాళ్లు లాగితే వల కదలదు, అందరూ ఒక్క పదానికి ఒక్క ఊపు ఇస్తేనే ఒడ్డుకొస్తుంది. గర్భసంచి కూడా అంతే. నెలలు నిండకముందు అక్కడో కణం ఇక్కడో కణం ముడుచుకున్నా పొట్ట కాసేపు గట్టిపడి సర్దుకుంటుంది. కనెక్సిన్-43 ద్వారాలు తెరుచుకున్నాక ఒకచోట పుట్టిన ఊపు కండరమంతా పాకుతుంది. అవే అసలు నొప్పులు.

నెలలు నిండే వేళకు మిర్-200 అనే మైక్రోఆర్‌ఎన్‌ఏ కుటుంబం గర్భసంచి కండరంలో పెరుగుతుంది. అది జెబ్1, జెబ్2 సందేశాలకు అతుక్కుని వాటిని తగ్గించేస్తుంది. అణచిపెట్టేవాళ్లు తగ్గగానే ఆక్సిటోసిన్ రిసెప్టర్, కనెక్సిన్-43 పైకి లేస్తాయి. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. మిర్-200ను అణచిపెట్టేది కూడా జెబ్ ప్రోటీన్లే. అంటే జెబ్ కాస్త తగ్గితే మిర్-200 పెరుగుతుంది, అది పెరిగితే జెబ్ ఇంకా తగ్గుతుంది. ఒకసారి ఒరగడం మొదలైతే వెనక్కి రావడం కష్టం. నొప్పులు ఒక స్థాయి దాటాక ఏ మందుతోనూ ఎక్కువకాలం ఆపలేకపోవడం ప్రతి కాన్పు డాక్టరుకూ అనుభవమే. ఈ చక్రం దానికి పూర్తి కారణం కాకపోవచ్చు గానీ, ఆ అనుభవానికి సరిగ్గా సరిపోతుంది.

ఈ పనిలో అన్నిటికన్నా విలువైన ముక్క తర్వాత వచ్చింది. ఎలుకల్లో కాన్పుకు ముందు రక్తంలో ప్రొజెస్టెరాన్ పడిపోతుంది. మనిషిలో పడిపోదు, నొప్పులు పడుతున్నప్పుడు కూడా నిండుగానే ఉంటుంది. మరి అంత హార్మోను ఉండగా గర్భసంచి మాట వినడం ఎందుకు మానేసింది? పాఠ్యపుస్తకాలు దీనికి చాలాకాలం తెల్లమొహమే వేశాయి. మిర్-200ఏ ఇంకో ప్రోటీన్‌ను తగ్గించడం ద్వారా, ప్రొజెస్టెరాన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్‌ను కండరంలోనే పెంచుతుందని అదే బృందం 2012లో చూపించింది. రక్తంలో హార్మోను ఎంత ఉన్నా, పని జరగాల్సిన చోట అది కరిగిపోతోందన్నమాట. ప్రొజెస్టెరాన్ రిసెప్టర్ల రకాలు మారడం లాంటి కారణాలు కూడా దీనికి తోడున్నాయి. రక్తపరీక్షలో హార్మోను మామూలుగా ఉంది కాబట్టి భయం లేదనుకోవడానికి వీల్లేదని మాత్రం దీనితో తేలిపోయింది.

ఇదంతా నెలలు నిండిన కాన్పు కథ. ఏడో నెలలోనే ఇది ఎందుకు మొదలవుతుందన్నది వేరే ప్రశ్న. చాలా సందర్భాల్లో వాపు ప్రక్రియే దానికి నిప్పు పెడుతుంది. కింది నుంచి పాకిన సూక్ష్మజీవులు ఉమ్మనీటి సంచి పొరల్ని చేరితే రోగనిరోధక కణాలు రసాయనాలు వదులుతాయి, అవి జెబ్ ప్రోటీన్లు నిలబెట్టిన కట్టడిని వేళకు ముందే బలహీనపరుస్తాయి. ఈ వాపును అదుపు చేసే మైక్రోఆర్‌ఎన్‌ఏలూ ఉన్నాయి. మిర్-146ఏ అలాంటిదే, రోగనిరోధక కణం మరీ రెచ్చిపోకుండా లోపలి నుంచి పట్టి ఉంచుతుంది. రక్తహీనత, వెంటవెంటనే కాన్పులు, ఏజెన్సీలో మలేరియా, ఏ దారిన వచ్చినా చివరికి కలిసేది ఈ కండరం దగ్గరే కాబట్టి, కారణాలు పది ఉన్నా నొప్పి ఒక్కలాగే ఉంటుంది.

కడుపులో బిడ్డకు పోషణ అందించే మాయ (ప్లసెంటా) సంగతి ఇంకా విచిత్రం. మనిషి 19వ క్రోమోజోమ్ మీద పక్కపక్కనే గుత్తిగా ఉన్న నలభైకి పైగా మైక్రోఆర్‌ఎన్‌ఏ జన్యువులున్నాయి. కోతుల నుంచి మనుషుల దాకా ఉన్న జాతిలో తప్ప ఇవి మరెక్కడా లేవు. పనిచేసేది దాదాపుగా మాయలోనే, అదీ తండ్రి నుంచి వచ్చిన ప్రతి మాత్రమే. మాయ కణాలు వీటిని అతి చిన్న పొట్లాల్లో కట్టి తల్లి రక్తంలోకి వదులుతాయి. ఆ పొట్లాలు అందుకున్న ఇతర కణాలు వైరస్‌లను మెరుగ్గా ఎదుర్కొన్నాయని 2013లో ప్రయోగశాలలో తేలింది. పొడవాటి నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏల్లో, అంటే 200 అక్షరాలు దాటినవాటిలో, హెచ్19 మాయ మరీ పెరిగిపోకుండా చూస్తుంది. వలయంలా చుట్టుకున్న వృత్తాకార ఆర్‌ఎన్‌ఏలకు కొసలుండవు కాబట్టి ఎంజైములు వాటిని త్వరగా తినలేవు, అందుకే పరీక్షలకు పనికొస్తాయేమోనని చూస్తున్నారు. ఈ రెండు రకాల విషయంలో నెలతక్కువ కాన్పుతో ముడిపెట్టే ఆధారం మైక్రోఆర్‌ఎన్‌ఏల కన్నా పలచన.

మాయ తన ముక్కల్ని తల్లి రక్తంలోకి వదులుతోంది కదా, మోచేతి దగ్గర ఒక సీసా రక్తం తీసి ఎవరికి ముందే నొప్పులొస్తాయో చెప్పేయొచ్చు కదా? ఈ ఆశ మీద చాలా డబ్బు, చాలా పరిశోధన పత్రాలు నడుస్తున్నాయి. కానీ ఫలితాలు ఆశ చెప్పినంత సూటిగా లేవు. అమెరికాలో మిషల్ ఎలోవిట్జ్ బృందం గర్భసంచి మూతి నుంచి తీసిన కణాల్ని పరీక్షిస్తే, తర్వాత నెలతక్కువ కాన్పు అయినవాళ్లలో నెలల ముందే మైక్రోఆర్‌ఎన్‌ఏలు వేరుగా కనిపించాయి. అదే బృందం మరుసటి ఏడాది తల్లి రక్తంలో వెతికితే చెప్పుకోదగ్గ తేడా దొరకలేదు. మెక్సికో నగరంలో జరిగిన మరో అధ్యయనం కూడా గర్భసంచి మూతి కణాల్లోనే గర్భకాలంతో సంబంధం చూపింది. విషయం జరుగుతున్న చోట గుర్తులు ఉన్నాయి, మోచేతి దాకా అవి చెదరకుండా రావడం లేదు. 2018లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన స్టీఫెన్ క్వేక్ బృందం తల్లి రక్తంలోని ఆర్‌ఎన్‌ఏతో నెలతక్కువ కాన్పును రెండు నెలల ముందే పసిగట్టవచ్చని ప్రకటించినప్పుడు పెద్ద వార్తే అయింది. అందులో వాళ్లు వాడినవి ప్రోటీన్ జన్యువుల సందేశాలు, పరీక్షించినది కొద్దిమందినే. దాన్ని మైక్రోఆర్‌ఎన్‌ఏ పరీక్ష ఖాతాలో వేసి చెప్పే వార్తలు రెండు వేర్వేరు విషయాల్ని కలిపేస్తున్నాయి.

రక్తపరీక్షకు ఇంకో చిక్కుంది, సీతంపేట నుంచి శాంపిల్ పంపే ల్యాబ్ టెక్నీషియన్‌కు వెంటనే అర్థమయ్యేది. ఎర్ర రక్తకణాల్లోనే మిర్-451, మిర్-16 లాంటివి విపరీతంగా ఉంటాయి. సన్న సూదితో గట్టిగా లాగినా, సీసాను కుదిపినా, మే నెల ఎండలో ఘాట్ రోడ్డు దిగి విశాఖ చేరేదాకా ఐస్ లేకుండా ఉంచినా కణాలు పగిలి, పసుపుగా ఉండాల్సిన సీరం గులాబీ రంగుకు తిరుగుతుంది. అప్పుడు యంత్రం కొలిచేది గర్భం సంగతి కాదు, ప్రయాణం సంగతి.

అయినా రక్తం కన్నా పెద్ద చిక్కు క్యాలెండర్. మాయలోనూ కండరంలోనూ ఆర్‌ఎన్‌ఏలు వారం వారానికి మారతాయి. 30 వారాలకు కాన్పయిన మాయను 39 వారాల మాయతో పోల్చి తేడా దొరికిందంటే, అది రోగం వల్ల వచ్చిన తేడానా, తొమ్మిది వారాల వయసు తేడానా? పోనీ 30 వారాల మామూలు మాయ తెచ్చి పోలుద్దామంటే, మామూలుగా సాగుతున్న గర్భంలోంచి మాయను తీయడం కుదరదు. నొప్పుల వల్ల కూడా ఆర్‌ఎన్‌ఏలు మారతాయి కాబట్టి నొప్పులు పడినవాళ్లనీ సిజేరియన్ అయినవాళ్లనీ కలపడానికీ వీల్లేదు. వచ్చిన పత్రాల్లో ఒక దానికీ ఇంకో దానికీ పొంతన కుదరకపోవడానికి సగం కారణం ఇదే. ఈ రంగంలో గట్టి ఫలితమేదో తేల్చుకోవడానికి చదవాల్సినది చివర్లో ఉండే ముగింపు కాదు, ఎవరితో ఎవరిని పోల్చారో రాసిన పేరా.

వారాల లెక్కే తప్పయితే ఏ పోలికా నిలబడదు. సబ్‌సెంటర్‌లో గర్భిణి పేరు రాసుకునేటప్పుడు ఏఎన్ఎం అడిగే మొదటి ప్రశ్న ఆఖరి ముట్టు తేదీ. వచ్చే జవాబు తేదీ రూపంలో ఉండటం తక్కువ.

“రథసప్తమికి మావాళ్లంతా అరసవల్లి వెళ్లారు మేడం, నేను బయటున్నాను, వెళ్లలేదు.”

“ఆ తర్వాత మళ్లీ రాలేదామ్మా?”

“ఓపాలి కొంచెం కనపడింది. అది లెక్కలోకొస్తాదా?”

మొదటి మాట ఒకటి రెండు రోజుల తేడాతో నమ్మదగినదే, పండగ తిథి అందరికీ తెలుసు. రెండో మాటతో నెల లెక్క అటూ ఇటూ అయిపోతుంది, ఎందుకంటే గర్భం నిలిచిన కొత్తలో కొద్దిగా రక్తం కనపడటం మామూలే. దాన్ని ముట్టుగా రాస్తే 36 వారాల బిడ్డ కార్డు మీద 32 వారాల బిడ్డ అవుతుంది. మొదటి మూడు నెలల్లో తీసిన స్కానింగ్ ఈ గందరగోళాన్ని వారం లోపు తేడాకు తెస్తుంది. ఆరో నెలలో తీసినదైతే బిడ్డ నిజంగా చిన్నదా, వారాలే తక్కువా అన్నది గట్టిగా చెప్పలేదు. గురుగ్రామ్ సివిల్ ఆసుపత్రిలో 2015లో మొదలైన గర్భిణి అనే పెద్ద అధ్యయనం మొదటి మూడు నెలల స్కానింగ్ మీదే నిలబడింది. ఫరీదాబాద్‌లోని టీహెచ్ఎస్‌టీఐ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ, ఐఐటీ మద్రాస్ కలిసి ఆ సమాచారంతో భారతీయ గర్భిణులకు సరిపడే వయసు సూత్రాలు కూడా తయారుచేశాయి. ఆర్‌ఎన్‌ఏ పరిశోధన కన్నా ముందు తేదీ సరిచేసుకున్నారన్నమాట, వరస సరైనదే.

తేదీ తప్పితే ఏమవుతుందో వైద్యం ఇప్పటికే ఖరీదుగా నేర్చుకుంది. నెలతక్కువ కాన్పు తప్పదనుకుంటే తల్లికి డెక్సామెథసోన్ ఇంజెక్షన్లు ఇస్తారు. 6 ఎంజీ చొప్పున 12 గంటలకొకటి, నాలుగు డోసులు. బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా సిద్ధపడతాయి. భారతదేశంతో సహా ఆరు దేశాల పల్లెల్లో దీన్ని విరివిగా ఇచ్చి చూసిన అధ్యయనం 2015లో వెలువడింది. మేలు కనపడలేదు సరికదా, మొత్తమ్మీద శిశుమరణాలు కాస్త పెరిగాయి. వారాలు సరిగా తెలియక, నెలలు నిండబోతున్న తల్లులకు కూడా ఇంజెక్షన్లు వెళ్లాయి. 2020లో భారత్ సహా ఐదు దేశాల్లోని 29 ఆసుపత్రుల్లో, స్కానింగ్‌తో వారాలు ఖాయం చేసుకుని, 2,852 మంది తల్లులతో మళ్లీ చూశారు. పుట్టిన నెలలోపు మరణాలు మందు ఇవ్వనివాళ్లలో 23.5 శాతం, ఇచ్చినవాళ్లలో 19.6 శాతం. మందు అదే. కంగారూ పద్ధతి సంగతీ చెప్పాలి. బరువు తక్కువ బిడ్డను పుట్టిన వెంటనే తల్లి గుండెకు ఆనించి ఉంచితే మరణాలు 25 శాతం తగ్గాయని 2021లో తేలింది. దానికి ఏ ల్యాబూ అక్కర్లేదు, వార్డులో తల్లికి బిడ్డ పక్కన మంచం ఉంటే చాలు.

మైక్రోఆర్‌ఎన్‌ఏ మీదే మందు తయారుచేసి మిర్-200ను అణచివేయొచ్చు కదా అనే ప్రశ్న సహజం. వందల సందేశాలకు అతుక్కునే దాన్ని గర్భిణి ఒంట్లో అణచివేస్తే గర్భసంచి ఒక్కటే మారదు, మాయ మారుతుంది, బిడ్డ మారుతుంది. అంత సాహసం ఇప్పట్లో ఎవరూ చేయరు, చేయకూడదు కూడా. ప్రొజెస్టెరాన్ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. గర్భసంచి మూతి పొట్టిగా ఉన్నవాళ్లకు యోనిలో పెట్టే ప్రొజెస్టెరాన్ ఉపయోగపడుతోంది. అమెరికాలో వారానికొకటి ఇచ్చిన ప్రొజెస్టెరాన్ రకం ఇంజెక్షన్ మాత్రం పెద్ద పరీక్షలో ఫలితం చూపలేక 2023లో అనుమతి పోగొట్టుకుంది. హార్మోను కండరంలోనే విరిగిపోతుందన్న సంగతిని పక్కన పెట్టుకుని చూస్తే, ఒకే మందు అందరికీ పనిచేయకపోవడం వింతగా తోచదు.

ఈ పరిశోధన ఏదో ఒకరోజు ఉత్తరాంధ్రకు వస్తే, ముందు తేల్చుకోవాల్సింది శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం సంగతి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో కారణం తేలని కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా ఉంది. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచారు. కిడ్నీ దెబ్బతిన్న తల్లికి బీపీ పెరిగి, ప్రాణం కాపాడటానికి డాక్టర్లే ముందుగా కాన్పు చేయాల్సి వస్తుంది. లెక్కల్లో అదీ నెలతక్కువ కాన్పే, కానీ మిర్-200తో తనంతట తాను కదిలిన గర్భసంచి కాదు అది. రక్తంలో తిరిగే మైక్రోఆర్‌ఎన్‌ఏల్ని కిడ్నీ జబ్బు కూడా మారుస్తుంది. సోంపేట తల్లుల శాంపిళ్లనీ, నొప్పులు వాటంతటవే వచ్చిన విజయనగరం ఘోషా ఆసుపత్రి తల్లుల శాంపిళ్లనీ ఒకే పెట్టెలో వేసి యంత్రానికిస్తే పరీక్ష పట్టేది కిడ్నీని. అందువల్ల ప్రతి శాంపిల్ మీద మూడు ముక్కలు రాసి ఉండాలి: నొప్పులు వాటంతటవే వచ్చాయా లేక డాక్టర్లు తెప్పించారా, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంత, మొదటి స్కానింగ్ ఏ వారంలో తీశారు.